నర్సయ్య పేరు, మెహబూబ్ రక్తం

ఆరు కావడానికి ఇంకా రెండు నిమిషాలున్నాయి. రాజనర్సయ్య చప్పుడు చేయకుండా కొడుకు గదిలోకి వెళ్లాడు. అనుదీప్ బోర్లా పడుకుని ఒళ్లు తెలియని నిద్రలో ఉన్నాడు. దిండు పక్కన సెల్‌ఫోన్. ఆరింటికి అది కూత మొదలుపెట్టిందంటే మధురానగర్‌లో మూడు గల్లీలు లేచి కూర్చుంటాయి. రాజనర్సయ్య దాన్ని మెల్లగా తీసి, అలారం ఆపేసి, కొడుకు కాలి బొటనవేలు పట్టుకుని ఊపాడు.

"లెవ్వు బిడ్డా. ఆరైతుంది."

అనుదీప్ ఒక కన్ను తెరిచాడు. "మల్ల బంద్ చేసినవా బాపూ? రోజూ ఇదేం లొల్లి? ఈ ఇంట్ల అలారం పెట్టుకునే హక్కు సుత లేదా నాకు?"

"ఎందుకు లేదు? పెట్టుకో. బంద్ చేసే హక్కు నాకున్నది."

పది రోజులుగా ఆ ఇంట్లో తెల్లవారితే ఇదే భాగోతం. ఇంజనీరింగు మూడో ఏడాది చదివే పిల్లవాణ్ణి పాలు తాగే పసివాడిలా లేపడమేమిటని భార్య రుద్రమ్మ కూడా విసుక్కుంది. ఆయనకు జవాబు చెప్పడానికి నోరెక్కడుంది? ఆ నోట్లో పోయడానికి ఆమె అప్పటికే గ్లాసుడు కాకరకాయ రసం తీసి పెట్టుకుని కూర్చుంది.

"ఒక్క గుక్కల తాగు. జర్రంత మిగిల్చినా ఊకోను."

"రుద్రా, ఇయ్యాల ఆదివారం గదనే."

"షుగర్‌కు ఆదివారం సోమవారం తెలుస్తదా? రెండు వందల నలభై ఉన్నదంట నీకు! తాగు."

రాజనర్సయ్య కళ్లు మూసుకుని తాగాడు. మొహం ముడుచుకుపోయింది. మధ్యాహ్నం ఇంట్లో విందు. కూతురు నవీనకు హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చింది. మటన్, బగారా అన్నం, స్నేహితుడు మెహబూబ్ భార్య అన్వరీ ఎండు ఆప్రికాట్లతో చేసి తెచ్చే ఖుబానీ కా మీఠా. అందులో ఆయన వాటాకొచ్చేవి రెండు జొన్నరొట్టెలూ తోటకూర పప్పూ.

ఇందులో అన్యాయం ఏమిటంటే, ఆ షుగరు ఆయనది కానే కాదు. మెహబూబ్‌ది. అదెలాగో చెప్పాలంటే రెండు నెలలు వెనక్కి వెళ్లాలి.

రాజనర్సయ్యకు అమీర్‌పేటలో జిరాక్స్ షాపుంది. జావా నోట్సు, టెస్టింగు నోట్సు, ఇంటర్వ్యూ ప్రశ్నల కట్టలు, ఏది కావాలన్నా స్పైరల్ బైండింగ్ చేసి చేతిలో పెడతాడు. అదే షట్టర్ కింద సగం జాగాలో మెహబూబ్ కుట్టుమిషను. ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లలకు ఒక్క రోజులో ప్యాంటు కుట్టి ఇవ్వడం ఆయన ప్రత్యేకత. ఇరవై ఆరేళ్లుగా ఇద్దరిదీ ఒకే తాళం, ఒకే చాయ్, ఒకే రకం తగువు. నవీన పుట్టినప్పుడు మొదటి గౌను కుట్టింది మెహబూబ్ చాచానే.

ఆ నవీన రెండు నెలల కిందట కోచింగ్ క్లాసులో కూర్చుని ఉండగా కరెంటు పోయి, వెనక జనరేటరు ఢామ్మని మోగింది. పిల్ల బెంచీ మీదినుంచి కిందికి జారిపోయింది. పొద్దున ఏమీ తినలేదు కాబోలు అనుకున్నారు. వారం తిరగకుండా ఇంట్లో తమ్ముడి అలారానికి ఇంకోసారి పడిపోయింది. ఈసారి రుద్రమ్మ ఆటో ఎక్కించి పంజాగుట్టలోని ఒక పెద్ద హాస్పిటల్‌కు తీసుకుపోయింది. అక్కడి గుండె డాక్టరు కమలకుమారి ఈసీజీ కాగితం వంక చాలాసేపు చూసింది.

"గుండె కొట్టుకోడానికి లోపల కరెంటు లాంటిది ఉంటుందమ్మా. ప్రతిసారీ కొట్టుకున్నాక మళ్లీ సిద్ధమవడానికి కొంచెం టైం పడుతుంది. మీ అమ్మాయికి ఆ టైం మామూలు కన్నా ఎక్కువ పడుతోంది. అలాంటప్పుడు ఉన్నట్టుండి పెద్ద చప్పుడైతే గుండె లయ తప్పుతుంది, మనిషి పడిపోతుంది. ఒక్కోసారి లేవదు కూడా. కానీ భయపడొద్దు. రోజూ మాత్ర వేసుకుంటే చాలామంది హాయిగా బతుకుతారు. ఇది పుట్టుకతో వచ్చేది. జన్యువులో ఎక్కడో ఒక్క అక్షరం మారి ఉంటుంది."

రక్తం పంపిస్తే ఆ మారిన అక్షరం దొరికింది. నవీన మాత్రలు మొదలుపెట్టింది. మళ్లీ పడిపోలేదు. తర్వాత డాక్టరు తల్లిదండ్రులిద్దర్నీ రక్తం ఇమ్మంది. "ఇది అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చి ఉంటుంది. ఎవరికుందో వాళ్లకూ మాత్ర కావాలి. వాళ్ల పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం. మీ అబ్బాయి ఈసీజీ బాగానే ఉంది. అంతమాత్రాన లేదని చెప్పలేం. ఇద్దరిలో ఎవరికీ లేదని తేలితే మాత్రం అబ్బాయి సంగతి మర్చిపోవచ్చు."

రుద్రమ్మ ఆ రోజే ఇచ్చింది. రాజనర్సయ్య షాపు చూసుకుని మర్నాడు ఇస్తానన్నాడు. మర్నాడు తోడుగా మెహబూబ్ వెళ్లాడు. ల్యాబులో "రాజనర్సయ్య ఎవరు?" అని పిలిచారు. రాజనర్సయ్య కుర్చీలోంచి లేవలేదు. రెండోసారి పిలిచారు. మెహబూబ్ పక్కకు చూస్తే స్నేహితుడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"క్యా హువా యార్?"

"నాతోని కాదు మెహబూబ్. సూది... నాతోని కాదు."

మెహబూబ్ మరో మాట అడగలేదు. లేచి, చొక్కా చేయి మడిచి, "నేనే, నేనే రాజనర్సయ్య" అంటూ లోపలికి నడిచాడు. రక్తం ఇచ్చాడు, ఈసీజీ తీయించుకున్నాడు, వచ్చేటప్పుడు వాళ్లు ఊరికే ఇచ్చిన బిస్కెట్టు తిన్నాడు. దోస్తుకు సూదంటే భయం, అంతే అనుకున్నాడాయన. గుండె రిపోర్టు రావడానికి వారాలు పట్టింది కానీ అదే రక్తంలో చూసిన షుగర్ రిపోర్టు సాయంత్రానికే వచ్చి రుద్రమ్మ చేతిలో పడింది. కాకరకాయల బుట్ట ఆ రాత్రే ఇంట్లో దిగింది.

గుండె రిపోర్టు పది రోజుల కిందట వచ్చింది. తల్లికి లేదు, తండ్రికి లేదు. అరుదుగా ఇలా పిల్లలోనే కొత్తగా మొదలవుతుందని డాక్టరు చెప్పింది. అనుదీప్‌కు ఏ పరీక్షా అక్కర్లేదంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అక్క పడిపోయినప్పటి నుంచి ఆపేసిన అలారాన్ని అనుదీప్ మళ్లీ పెట్టుకున్నాడు. ఒక్క రాజనర్సయ్యకే ఊపిరాడలేదు. కొడుక్కి భయం లేదని కాగితం చెబుతోంది. ఆ కాగితం అబద్ధమని ఆ ఇంట్లో ఆయన ఒక్కడికే తెలుసు. అందుకే రోజూ తెల్లారకముందే లేచి అలారం దొంగతనం చేస్తున్నాడు. ఎన్నాళ్లని చేస్తాడు? రోడ్డు మీద హారన్లున్నాయి, దీపావళి ఉంది, పెళ్లి బారాత్‌లున్నాయి. చెప్పేద్దామని నోటిదాకా వచ్చిన మాట రోజూ కాకర రసంతో పాటు లోపలికి పోతోంది.

మెహబూబ్‌కు షుగర్ సంగతి మాత్రం చెప్పాడు. "షుగర్ నీదిరా. ఇంటికి పోయి అన్వరీకి చెప్పు, దవాఖానకు పో."

"అరె, ఏమని చెప్పాలె? నర్సయ్య పేరు మీద సూది పొడిపించుకున్న అని చెప్తె నా బేగం నన్ను ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తది. నువ్వు ఫికర్ చెయ్యకు. నేను మిఠాయి తగ్గిస్త."

"నువ్వా? తగ్గిస్తవా?"

"నువ్వు తాగుతున్నవ్ గదా కాకర! పేరు నీదే గదా, నీకు తగ్గితే నాకు సుత తగ్గుతదేమో." అని మెహబూబ్ పగలబడి నవ్వాడు. రాజనర్సయ్యకు ఒళ్లు మండింది.

ఇప్పుడు ఆ ఆదివారానికి వద్దాం. వంటింట్లో మటన్ ఉడుకుతోంది. ముందు గదిలో నవీన కొత్త ఉద్యోగం కాగితాలు నింపుతోంది. కంపెనీ వాళ్లు తల్లిదండ్రులకు కూడా ఇన్సూరెన్సు చేయిస్తారట. పేరు, వయసు, షుగరు, బీపీ, బ్లడ్ గ్రూపు. ఆమె హాస్పిటల్ ఫైలు తెచ్చి తిరగేసింది. ల్యాబు వాళ్లు ఉచితంగా ఇచ్చిన బ్లడ్ గ్రూపు కార్డులు అడుగున పడి ఉన్నాయి. వాటిని అంతవరకూ ఎవరూ చూడలేదు. రుద్రమ్మ, బి పాజిటివ్. రాసింది. రాజనర్సయ్య, ఏబీ పాజిటివ్. సగం రాసి ఆగిపోయింది.

నవీనది ఓ పాజిటివ్.

ఆమె డిగ్రీలో చదివింది బయోటెక్నాలజీ. ఏబీ ఉన్న తండ్రికి ఓ ఉన్న బిడ్డ పుట్టదన్నది మొదటి ఏడాదిలో రాసిన పరీక్ష. పొరపాటేమోనని ల్యాబుకు ఫోన్ చేసింది. అవతలి అమ్మాయి చూసి చెప్పింది. "మా దగ్గర తప్పు జరగదండీ. ఆయన ఎదురుగానే గొట్టం మీద పేరు అంటించాం. ఆయనే చదివి సరే అన్నారు కూడా." నవీన ఫోన్ పెట్టేసింది. వంటింట్లోంచి తల్లి పిలుస్తున్నా వినబడలేదు.

రెండు నెలలుగా ఆమె మనసులో ఒక ముల్లు ఉంది. జబ్బని తెలిసిన దగ్గర్నుంచి బాపు తన మొహం చూడటం లేదు. ఎదురుగా కూర్చుంటే గోడ వంక చూస్తాడు. మాత్ర వేసుకుంటుంటే లేచి బయటికి పోతాడు. ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజు కూడా "మంచిది బిడ్డా" అని నేలకేసి చూస్తూ అన్నాడు. ఎందుకో అర్థం కాక ఏడ్చిన రోజులున్నాయి. ఇప్పుడు అర్థమైందనుకుంది. సొంత బిడ్డ కాదు. జబ్బు పిల్లను ఎందుకు తెచ్చుకున్నామా అని బాధపడుతున్నాడు. అలా అనుకోగానే కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

ఒంటిగంటకు మెహబూబ్, అన్వరీ వచ్చారు. అన్వరీ చేతిలో పెద్ద స్టీలు డబ్బా. "కాంగ్రాట్స్ బేటీ! ఏదీ, దగ్గరికి రా. రుద్రమ్మక్కా, పిల్ల గిట్ల ఎండిపోయిందేంది? ఉద్యోగం వస్తే లావైతరు, ఇదేంది ఉల్టా?" అంటూ నవీన బుగ్గలు నొక్కింది. అనుదీప్ అప్పటికే డబ్బా మూత తీసి వాసన చూస్తున్నాడు.

భోజనాలయ్యాయి. రాజనర్సయ్య జొన్నరొట్టె తుంచుతూ అందరి కంచాలవంకా చూశాడు. మీఠా గిన్నెల్లోకి వచ్చింది. మెహబూబ్ మొదటి గిన్నె ఖాళీ చేసి రెండోది అందుకున్నాడు. అంతే, రాజనర్సయ్య లేచి ఆ గిన్నె లాగేసుకున్నాడు.

"చాల్రా! ఎంత తింటవ్!"

అందరూ తెల్లబోయారు. అన్వరీకి చిన్నబోయినట్టయింది. "అన్నా, మీకు తినే నసీబ్ లేకపోతే మా ఆయన మీద పడుతున్నరేంది?"

"ఏమయ్యా, నీకేమన్న పిచ్చి లేసిందా?" అంది రుద్రమ్మ. "ఇంటికొచ్చిన మనిషి చేతిలకెళ్లి గిన్నె గుంజుతవా? నీకు షుగర్ ఉంటే ఊరందరికీ ఉన్నట్టా?"

మెహబూబ్ తల వంచుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. ఆ సమయంలో నవీన లోపలి గదిలోంచి వచ్చింది. ఆమె చేతిలో రెండు కార్డులున్నాయి.

"అమ్మా, ఒక్క మాట అడుగుత. కోపం చెయ్యకు. నన్ను ఎక్కడికెళ్లి తెచ్చిండ్రు?"

రుద్రమ్మకు అది ఆటలా వినిపించింది. "ఎక్కడికెళ్లేంది? సర్కారు దవాఖానకెళ్లి. ఆటోల. తొవ్వ పొడుగుత నువ్వు ఏడుస్తుంటే ఆటోవాడు మమ్మల్ని దిగిపొమ్మన్నడు."

"నిజంగ అడుగుతున్న అమ్మా." పిల్ల కార్డులు ముందుకు చాపింది. "బాపుది ఏబీ. నాది ఓ. ఏబీ ఉన్నోల్లకు ఓ బిడ్డ పుట్టదు. ల్యాబుకు సుత ఫోన్ చేసిన, తప్పు లేదన్నరు. నేను సాదుకున్న బిడ్డనైతే చెప్పుండ్రి. నేనేం అనుకోను. జబ్బు తెలిసిన కాడికెళ్లి బాపు నా మొకం చూస్తలేడు. ఎందుకో ఇప్పుడు సమజైంది. అంతే. చెప్తే చాలు."

 అనుదీప్ చెంచా నోటి దగ్గరే ఆగిపోయింది. రుద్రమ్మ లేచి కూతురి చేతిలో కార్డులు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"సాదుకున్ననా? పద్నాలుగు గంటలు నొప్పులు తిన్న నేను నీ కోసం! మంచం కోడు పట్టుకుని ఒర్రిన! నువ్వు బయటికొచ్చి నా కన్న ఎక్కువ ఒర్రినవ్! నిన్ను నేను సాదుకున్ననా?" అని మెల్లగా ఆగింది. రెండో సంగతి అప్పుడే ఆమెకు తట్టింది. కన్నది తానే అయితే, ఈ కార్డు ఎవర్ని వేలెత్తి చూపిస్తోంది? మెడ దాకా ఎర్రబడింది. మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా. ఈ కాయితం నన్ను ఏమంటుందో తెలుస్తుందా నీకు? ఇగ కూసున్నవేంది? చెప్పు నీ బిడ్డకు!"

మెహబూబ్ గబుక్కున లేచాడు. "వదినా, ఆ రక్తం..."

"నువ్వు కూసో మెహబూబ్," అన్నాడు రాజనర్సయ్య.  భార్య ముందుకొచ్చి నిలబడ్డాడు. "తప్పు నాది. నేనే చెప్త. ఆ రక్తం నాది కాదు రుద్రా. ల్యాబుల నా పేరు మీద మెహబూబ్ ఇచ్చిండు. నేను లేవలేకపోయిన. నా రక్తం ఎవరూ చూడలే. నా గుండె సుత ఎవరూ చూడలే."

 ముందుగా లెక్క కట్టింది అన్వరీ.

"ఆగుండ్రి. రక్తం మా ఆయనదైతే... షుగర్ ఎవరిది?"

అందరి తలలూ మెహబూబ్ వైపు తిరిగాయి. ఆయన మూతికి ఇంకా మీఠా అంటుకునే ఉంది.

"యా అల్లా! రెండు వందల నలభై! నా కండ్ల ముందల గిన్నెలకు గిన్నెలు తింటుండు! పక్కోడు కాకర తాగుతుంటే చూస్తూ కూసున్నవా? సిగ్గు లేదా నీకు?" అన్వరీ డబ్బా మూత ఠక్కున పెట్టి చంకలో ఇరికించుకుంది. "రుద్రమ్మక్కా, ఆ కాకరకాయలు ఎన్ని మిగిలినయ్? అన్నీ నాకియ్యి!"

అనుదీప్ ఇక ఆపుకోలేక నవ్వేశాడు. నవీన కూడా ఏడుపు మధ్యలో నవ్వింది. రుద్రమ్మ మాత్రం నవ్వలేదు.

"సూది భయమా నీకు? పోయినేడు కటింగ్ మిషన్ల ఏలు పడితే ఆరు కుట్లు ఏసిండ్రు. ఊ అనలే నువ్వు. నాకు చెప్పకు సూది కథలు. అసలు సంగతేంది?"

రాజనర్సయ్య కుర్చీలో కూలబడ్డాడు.  ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు.

"అప్పుడు మేం బల్కంపేటల ఉంటుంటిమి. ఒక్కటే అర్ర, అండ్లనే వంట, పడక. నాకు పదకొండేండ్లు. అవ్వ పొయ్యి కాడ కూసోని రొట్టెలు చేస్తుంది. నా చేతిల మిఠాయి దుకాణం కాయితం సంచి ఉండె. గాలి ఊది, ఎనకకెళ్లి మెల్లగ పోయి... ఆమె చెవి కాడ ఠప్పున పగలగొట్టిన. ఆటకు. భయపడి ఉర్కొస్తది, నన్ను పట్టుకుంటది అని." ఆయన అరచేయి పక్కకు వాల్చి చూపించాడు. "పక్కకు ఒరిగిపోయింది. మల్ల లేవలే. గాలి సోకింది అన్నరు, దిష్టి అన్నరు. నేను ఆ చినిగిన సంచి జేబుల పెట్టుకున్న. ఎవరికీ చెప్పలే. మా బాపు సచ్చిపోయేదాక చెప్పలే."

రుద్రమ్మ చేయి నోటి మీదికి వెళ్లింది. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆ మాట ఆమె వినలేదు. మొగుడి చిన్నతనంలోనే అత్తగారు పోయిందని తెలుసు, అంతే.

"డాక్టరమ్మ 'ఉన్నట్టుండి పెద్ద చప్పుడు' అనంగనే నాకు సమజైంది. రక్తం ఇస్తే కాయితం మీద పడుతది. ఆమెకెళ్లి నాకు, నాకెళ్లి నీకు. మా అవ్వను నేనే సంపిన, నా బిడ్డకు నేనే అంటించిన. నీ మొకం ఎట్ల చూడాలె బిడ్డా నేను? కొడుకుకు సుత ఉండచ్చని తెలిసి నోరు తెరవలే. అలారం బంద్ చేసుకుంట తిరిగిన. గసొంటి తండ్రిని నేను."

నవీన వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది.

"అంటే, నాకు ఈ జబ్బు నీకెళ్లే వచ్చిందా?"

"నాకెళ్లే వచ్చుంటది బిడ్డా."

"అమ్మా! విన్నవా? బాపుకెళ్లే వచ్చిందట!" పిల్ల మొహం వెలిగిపోయింది. తండ్రి మెడ చుట్టూ చేతులు వేసి ఏడుస్తూ నవ్వుతూ, "బాపుకెళ్లే వచ్చింది, నాకు బాపుకెళ్లే వచ్చింది" అని పాటలా అనడం మొదలుపెట్టింది. జబ్బు తండ్రి నుంచి వచ్చిందని ఇంత సంబరపడిన పిల్లను అమీర్‌పేట అంతా గాలించినా దొరకదు. రాజనర్సయ్య రెండు నెలల తర్వాత కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు. ఆమె నెత్తి మీద చెంప ఆనించి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

రుద్రమ్మ కళ్లు తుడుచుకుంది. తర్వాత చెంగు నడుముకు దోపుకుంది.

"ఏడుపులు ఐపోయినయా? నా కొడుకును పది దినాలు గాలికి ఇడిచిపెట్టినవ్, దానికి నిన్ను తర్వాత చూస్కుంట. ఇరవై ఆరేండ్లు నాకు చెప్పకుంట ఒక్కనివే మోసినవ్, దానికి ఇంకా ఎక్కువ చూస్కుంట. రేపు పొద్దున తొమ్మిదికి దవాఖాన. అనుదీప్, నువ్వు సుత. ఈసారి ఆయన చెయ్యి నేను పట్టుకుంట. ఎట్ల లేవడో చూస్త."

"మరి నాకు మీఠా?" అన్నాడు రాజనర్సయ్య ముక్కు ఎగబీలుస్తూ. "షుగర్ లేదు గదా నాకు."

అన్వరీ డబ్బా మూత తీసింది. ఆయనకు గిన్నె నిండా పెట్టింది. మెహబూబ్ దిక్కులేని చూపు చూశాడు.

సోమవారం పొద్దున్నే ఆరుగురూ రెండు ఆటోల్లో పంజాగుట్టకు చేరారు. మెహబూబ్ షుగరు చూపించుకోవడానికి కింది అంతస్తులో ఉండిపోయాడు. అన్వరీ ఆయన్ను వదలకుండా చేయి పట్టుకునే ఉంది. మిగతా నలుగురూ పైకి వెళ్లి డాక్టరు కమలకుమారికి జరిగింది చెప్పారు. ఆవిడ కళ్లద్దాలు తీసేసి రాజనర్సయ్య వంక చూసింది.

"ఇరవై రెండేళ్ల సర్వీసండీ నాది. రిపోర్టులు దాచిపెట్టిన వాళ్లను చూశాను, చించేసిన వాళ్లను చూశాను. అద్దెకు మనిషిని పంపిన వాళ్లను మాత్రం ఇదే చూడటం." తిట్టడానికి మొదలుపెట్టిన మనిషి చివరికొచ్చేసరికి నవ్వేసింది. "పడుకోండి. ముందు ఈసీజీ."

రాజనర్సయ్య పడుకున్నాడు. రుద్రమ్మ అన్నట్టుగానే చేయి పట్టుకుంది. కాగితం బయటికి వచ్చాక డాక్టరు దాన్ని నవీన పాత కాగితం పక్కన పెట్టింది. రెండింట్లోనూ గీత ఒక్కలాగే సాగి ఉంది, ఒక్కచోటే ఆలస్యంగా దిగింది. చదువు రాని వాళ్లకు కూడా పోలిక తెలుస్తుంది.

"రక్తం రిపోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేదు, మాత్ర ఇవాళే మొదలుపెడదాం. అమ్మాయి వేసుకునేదే. అబ్బాయి రక్తం కూడా పంపిద్దాం. ఉన్నా భయం లేదు, ముందే పట్టుకున్నాం కాబట్టి."

రాజనర్సయ్య లేచి కూర్చున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకోబోయి ఆగాడు. "డాక్టరమ్మా. ఒక్క మాట. ఆ దినం నేను ఆ సంచి పగలగొట్టకపోతే మా అవ్వ బతికేదా?"

డాక్టరు స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు బతికేదేమో. మర్నాడు ఉరుము ఉరిమేది. గిన్నె కింద పడేది. ఎవరో వెనక నుంచి గట్టిగా పిలిచేవారు. ఆమెకు మాత్ర లేదు నర్సయ్య గారూ, అదీ కారణం. ఆ కాలంలో ఇలాంటి జబ్బొకటి ఉందని తెలిసిన డాక్టర్లే తక్కువ. పదకొండేళ్ల పిల్లాడికి ఎలా తెలుస్తుంది?" తెల్లకాగితం తీసి పైన ఒక సున్నా చుట్టింది. దాని కింద ఒక చదరం గీసింది. ఆ చదరం కింద ఇంకో సున్నా, ఇంకో చదరం. "ఇది మీ వంశం. ఆడవాళ్లు సున్నా, మగవాళ్లు చదరం. ఈ జబ్బు పై నుంచి కిందికే వస్తుంది. కింది నుంచి పైకి పోదు. మీ అమ్మ దగ్గర్నుంచి మీకొచ్చింది. మీ దగ్గర్నుంచి ఆమెకు పోయిందేమీ లేదు."

ఆయన ఆ కాగితం వంకే చూస్తూ ఉండిపోయాడు. పై సున్నా నుంచి తన చదరానికి దిగిన గీత మీద ఒకసారి వేలు పెట్టాడు. పై నుంచి కిందికి. నలభై మూడేళ్లుగా ఛాతీలో బిగబట్టుకున్నదేదో వదులైంది. పెద్దగా ఊపిరి తీసుకున్నాడు.

"అమ్మ పేరు చెప్పండి, ఇక్కడ రాయాలి," అంది డాక్టరు.

"మంగవ్వ."

ఆ పేరు తన నోటి నుంచి వచ్చి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు.

"పోయినప్పుడు వయసు?"

"ఇరవై తొమ్మిది."

డాక్టరు రాసుకుని పెన్నుకు మూత పెట్టింది. "చాలండి." కానీ రాజనర్సయ్య ఆగలేదు. మంగవ్వ పొట్టిగా ఉండేదని చెప్పాడు. బెల్లం ముక్క చెంగున కట్టుకుని అడిగిన పిల్లలకల్లా కొరికి ఇచ్చేదని చెప్పాడు. బయట వరండాలో పదిహేను మంది పేషెంట్లు కూర్చుని ఉన్నారు. తొంగిచూసిన నర్సును డాక్టరు కళ్లతోనే ఆగమంది.

"ఒకసారి మా బాపు కొత్త చెప్పులు తెచ్చుకున్నడు. కిర్రు కిర్రుమని సప్పుడు. అవ్వ ఏం జేసింది? ఆయన నిద్రపోంగ ఆ చెప్పులకు నువ్వుల నూనె పట్టిచ్చింది. ఓ చెంబెడు! పొద్దున ఆయన ఠీవిగ కాలు పెట్టిండు, జర్రున జారి పోయి మేకల మందల పడ్డడు. మేకలు మే మే అని ఒర్రుడు, మా బాపు నన్ను లేపుండ్రి అని ఒర్రుడు!"

నవీన ఫక్కున నవ్వింది. నవ్వు ఆగక పక్కనున్న తల్లి భుజం మీద ఛట్ ఛట్‌మని కొట్టింది. "అబ్బ, సంపుతవా ఏందే!" అని రుద్రమ్మ భుజం రుద్దుకుంది. ఆ అమ్మాయికి అది అలవాటే. నవ్వొస్తే పక్కనున్న మనిషికి దెబ్బలు తప్పవు.

రాజనర్సయ్య మాట ఆపేశాడు. కూతురి మొహం వంక కళ్లార్పకుండా చూశాడు. కళ్లలో నీళ్లు నిండుతున్నాయి, మూతి మీద నవ్వుంది.

"మా అవ్వ సుత గంతే," అన్నాడు. "నవ్వితే పక్కనున్నోల్లను కొట్టేది. నా ఈపు వాచిపోయేది. డాక్టరమ్మా, అది సుత రాయుండ్రి."

డాక్టరు కమలకుమారి పెన్ను మూత మళ్లీ తీసింది. మంగవ్వ పేరు పక్కన అదీ రాసింది.